చివరి మడికి నీళ్లు చేరితేనే: క్యాన్సర్ గడ్డలో శక్తిని మార్చే నానో రేణువులు

వరంగల్ వైపు ఊళ్లలో క్యాన్సర్‌కు రేడియేషన్ ఇవ్వడాన్ని "కరెంట్ పెట్టడం" అంటారు. "ముక్క పరీక్ష అయింది, ఇగ కరెంట్ పెట్టాలన్నరు" అనే మాట కాజీపేట స్టేషన్‌లో పొద్దున హైదరాబాద్ రైలు కోసం నిలబడ్డవాళ్ల మధ్య వినిపిస్తూనే ఉంటుంది. చేతిలో స్కానింగ్ ఫిల్ములున్న పెద్ద కవరు, సంచిలో అన్నం డబ్బా, వెంట ఇంకో మనిషి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి పోయేవాళ్లను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. "కరెంట్" అన్న మాట చదువుకున్నవాళ్లకు నవ్వు తెప్పించవచ్చు గానీ, అందులో పెద్ద తప్పు లేదు. లీనాక్ అనే రేడియేషన్ మిషన్ చేసే పని అదే. కరెంటుతో ఎలక్ట్రాన్ల వేగం పెంచి, వాటిని లోహపు పలకకేసి కొట్టి, ఎక్స్‌రేలుగా మారుస్తుంది. ఆ ఎక్స్‌రేలు గడ్డలోకి దూరి కణాల డీఎన్ఏని తెంపుతాయి. ఒక రకం శక్తి ఇంకో రకంగా మారుతూ మారుతూ పోయి, చివరికి వైద్యమవుతోంది.

ఈ మార్పిడి అంతా రోగి ఒంటి బయటే జరుగుతుంది. తయారైన ఎక్స్‌రే చర్మం, కండ, ఎముక దాటుకుంటూ గడ్డను చేరాలి. దారిలో ఉన్నవాటికీ దెబ్బ తప్పదు. నోటి క్యాన్సర్‌కు కరెంట్ పెట్టించుకున్నవాళ్లకు నోరు పూసి, ఉమ్మి ఎండిపోయి, పలచటి మజ్జిగ కూడా గొంతు దిగకపోవడం అందుకే. శక్తిని మార్చే నానో పదార్థాల ఆలోచన ఈ బాధ దగ్గరే మొదలైంది. ఒంటికి పెద్దగా హాని చేయని కాంతినో, అయస్కాంత క్షేత్రాన్నో, అల్ట్రాసౌండ్‌నో బయటి నుంచి పంపి, దాన్ని వేడిగానో విషంగానో మార్చే పని గడ్డ లోపల కూర్చున్న రేణువుకు అప్పజెప్పాలి. ఆ రేణువు దానంతట అది మందు కాదు. కరెంటు లేనప్పుడు బావి దగ్గరి మోటారులా ఊరికే పడి ఉంటుంది. స్విచ్ వేసినప్పుడే పని, వేసిన చోటే పని.

(తెలుగులో ఒక చిక్కుంది. ఒంటిలోని సెల్‌నూ, దుమ్ము రవ్వ లాంటి పార్టికల్‌నూ రెండింటినీ "కణం" అనే అంటాం. ఈ వ్యాసంలో సెల్ అంటే కణం, నానో పార్టికల్ అంటే రేణువు.)

"నానో" అన్న మాట ఉత్తర తెలంగాణ పల్లెలకు ఆస్పత్రి నుంచి రాలేదు. 2021లో ఇఫ్కో తెచ్చిన అర లీటరు నానో యూరియా సీసాతో వచ్చింది. 45 కిలోల బస్తా చేసే పని ఆ సీసా చేస్తుందన్నారు. చేస్తుందో లేదో వ్యవసాయ శాస్త్రవేత్తల మధ్య వాదన తెగలేదు, రైతులు మాత్రం అదును రాగానే బస్తా కోసమే లైన్ కడుతున్నారు. కాబట్టి నానో అనగానే ఇక్కడి పాఠకుడికి కాస్త అనుమానం పుడితే అది ఆరోగ్యకరమైన అనుమానమే. నానో అన్నది ఒక సైజు, అంతకు మించి మహిమేమీ కాదు. మీటరులో వంద కోట్లవ వంతు ఒక నానోమీటర్. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు, ఎర్ర రక్తకణం అడ్డకొలత 7 వేలు. వైద్యంలో ప్రయత్నిస్తున్న రేణువులు ఎక్కువగా 10 నుంచి 200 మధ్య ఉంటాయి. అయితే ఆ సైజుకు చేరితే పదార్థం గుణం మారుతుందన్నది నిజం. బంగారాన్ని చూస్తే అది తెలిసిపోతుంది.

టార్చ్ వెలుగు, ఎర్ర బంగారం

హన్మకొండలో ఏ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ల్యాబ్‌లోనైనా చేయగలిగిన ప్రయోగం ఇది. పలచగా కలిపిన బంగారు క్లోరైడ్ ద్రావణాన్ని గాజు ఫ్లాస్కులో మరిగిస్తారు. లేత పసుపు రంగులో, ఓఆర్ఎస్ నీళ్లలా ఉంటుంది. అందులో సోడియం సిట్రేట్ పోసి కలుపుతుంటే ముందు పసుపు పోతుంది, తర్వాత నల్లబడినట్టు, నీలం తిరిగినట్టు అవుతుంది, కొద్ది నిమిషాల్లో దానిమ్మ రసం రంగు తేలుతుంది. ఆ ఎరుపు వేరే రసాయనానిది కాదు, బంగారానిదే. అడుగున మెరిసే పొడి ఉండదు, పది ఇరవై నానోమీటర్ల బంగారు రేణువులు నీళ్లలో తేలుతూ ఉంటాయి. మైకేల్ ఫారడే 1857లో వేరే పద్ధతిలో ఇలాంటి ఎర్ర ద్రావణాలే తయారుచేశాడు. ఆయన సీసాల్లో కొన్ని లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో నేటికీ ఉన్నాయి.

రంగు ఎందుకు మారింది? బంగారంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లుంటాయి. రేణువు అంత చిన్నదైతే, కాంతి తగిలినప్పుడు అవన్నీ ఒక్కసారిగా అటూ ఇటూ ఊగుతాయి. ఉయ్యాలను ఎప్పుడు పడితే అప్పుడు తోస్తే ఊగదు, దాని ఊపుకు సరిపోయేలా తోస్తేనే ఎత్తుకు పోతుంది. గుండ్రటి బంగారు రేణువుకు సరిపోయే ఊపు ఆకుపచ్చ కాంతిది. దాన్ని మింగేసి, ఎరుపును వదిలేస్తుంది. మింగిన శక్తి వేడిగా మారి చుట్టూ పాకుతుంది. రేణువును సన్నటి పుల్లలా సాగదీస్తేనో, గాజు గుండు మీద పలచటి బంగారు పొర పూస్తేనో అది మింగే కాంతి ఎరుపును కూడా దాటి, కంటికి కనపడని పరారుణం వైపు జరుగుతుంది. కరీంనగర్ ఫిలిగ్రీ పనివాళ్లు వెండి తీగను ఎన్ని వంకలు తిప్పినా వెండి వెండి రంగులోనే ఉంటుంది. ఈ సైజులో మాత్రం ఆకారం మారితే రంగే మారిపోతుంది.

పరారుణం దాకా ఎందుకు జరపాలన్నది తెలియాలంటే చీకటి గదిలో ఫోన్ టార్చ్ వేసి, అరచేతితో గట్టిగా మూసి చూస్తే చాలు. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. టార్చ్ తెల్లటిదే. అందులోని నీలం, ఆకుపచ్చ రక్తంలోని హిమోగ్లోబిన్ దగ్గర ఆగిపోయాయి, ఎరుపు కొంత బయటపడింది. ఎరుపు దాటాక, సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య, రక్తమూ నీరూ రెండూ పెద్దగా అడ్డుపడని కిటికీ ఒకటుంది. టీవీ రిమోట్ ముందుండే చిన్న బల్బు ఈ కిటికీ పక్కనే, 940 దగ్గర వెలుగుతుంది. కంటికి కనపడదు గానీ, ఫోన్ సెల్ఫీ కెమెరాకు ఎదురుగా పెట్టి బటన్ నొక్కితే చాలా ఫోన్లలో లేత ఊదా చుక్క మెరుస్తుంది. గడ్డ మీద వాడే లేజర్ ఈ జాతిదే.

అమెరికాలో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో నయోమీ హాలస్, జెన్నిఫర్ వెస్ట్ బృందాలు గాజు గుండు మీద బంగారు పూత పూసిన రేణువులు ఎలుకల్లోని గడ్డలను వేడితో చంపగలవని 2003లో చూపించాయి. మనుషుల్లో ఫలితాలు ప్రచురితం కావడానికి ఇంకో పదహారేళ్లు పట్టింది. 2019లో ప్రచురించిన తొలి ఫలితాల్లో ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ ఉన్న 16 మందికి సుమారు 150 నానోమీటర్ల రేణువులను రక్తంలోకి ఎక్కించి, మర్నాడు 810 నానోమీటర్ల లేజర్ పెట్టారు. 15 మందిలో చికిత్స అనుకున్నట్టు జరిగింది. అందరివీ ముదరని గడ్డలే, పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేదు. లేజర్‌ను ఒంటి బయటి నుంచి వేయలేదన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. సన్నటి ఆప్టికల్ ఫైబర్‌ను సూదిలా ప్రోస్టేట్‌లోకి గుచ్చి, లోపల వెలిగించారు. కిటికీ ఎంత తెరిచి ఉన్నా కాంతి ఒంట్లో సెంటీమీటరు, మహా అయితే రెండు సెంటీమీటర్లు పోయేసరికి చితికిపోతుంది మరి.

వేడి పని చేస్తుందా అన్న దాని మీద అనుమానం అక్కర్లేదు. 42 నుంచి 45 డిగ్రీల మధ్య గంటసేపు ఉంచితే కణాలు బలహీనపడతాయి, తెగిన డీఎన్ఏని అతికించుకోలేవు. 50 దాటితే నిమిషాల్లో చస్తాయి. నెదర్లాండ్స్‌లో చేసి 2000లో ప్రచురించిన పరీక్షలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరిన ఆడవాళ్లకు రేడియేషన్‌తో పాటు కటి భాగాన్ని వేడి చేస్తే, గడ్డ పూర్తిగా కరిగినవాళ్లు 57 శాతం నుంచి 83 శాతానికి పెరిగారు. మూడేళ్లు బతికినవాళ్లు 27 నుంచి 51 శాతమయ్యారు. అందులో నానో ఏమీ లేదు, పెద్ద మిషన్‌తో కటి భాగమంతా కాచారు. నానో రేణువులు ఇస్తామంటున్నది ఆ వేడిని గడ్డకే పరిమితం చేయడం. మన పల్లెల్లో ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో ఇదొకటి కాబట్టి ఆ అంకెలను కాస్త ఆగి చూడాలి.

ఇక్కడ ఒక పక్క మాట. బంగారం ఒంటికి మంచిదన్న నమ్మకం మనకు పాతది. దానికి ఈ పరిశోధనలను అతికించి "నానో గోల్డ్" పొడులు, చుక్కల మందులు క్యాన్సర్‌కని అమ్మేవాళ్లు ఎదురైతే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: లేజర్ ఎక్కడ? స్విచ్ లేని మోటారు నీళ్లు తోడదు. మింగిన బంగారం గడ్డను వెతుక్కుంటూ పోయి దానంతట అది వేడెక్కదు.

ఎండలోకి పోకుండా నెల రోజులు

కాంతిని వేడిగా కాక విషంగా మార్చే దారి ఇంకొకటుంది. మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి 1900లో ఇది గమనించాడు. ఒక రంగు మందు కలిపిన నీళ్లలో సూక్ష్మజీవులు వెలుతురులో చస్తున్నాయి, చీకట్లో బతుకుతున్నాయి. కాంతిని మింగిన మందు ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. రెచ్చిపోయిన ఆక్సిజన్ పక్క కణం పొరను కాల్చేస్తుంది. దీన్ని ఫోటోడైనమిక్ చికిత్స అంటారు. ఫోటోఫ్రిన్ అనే మందుకు 1993లో కెనడాలో, 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది పాత వైద్యమే, కానీ ఎందుకు పాకలేదో చూస్తే మన ప్రాంతానికి పనికొచ్చే సంగతి దొరుకుతుంది. ఆ మందు చర్మంలో కూడా చేరుతుంది. ఎక్కించుకున్నాక కనీసం నెల రోజులు ఎండ తగలకూడదు, తగిలితే చర్మం కాలిపోతుంది. చలి దేశంలో అది అసౌకర్యం. ఫిబ్రవరిలో పరకాల దగ్గర మిర్చి ఏరే కూలికి, మేలో రామగుండంలో ఆటో నడిపే మనిషికి అది నెల రోజుల కూలి పోవడం.

నానో రేణువులు ఇక్కడ రెండు రకాలుగా సాయపడాలని చూస్తున్నాయి. మందును రేణువు లోపల మూసి ఉంచితే చర్మంలోకి తక్కువ పోతుంది. ఇంకొకటి కాస్త విచిత్రమైనది. సోడియం ఇట్రియం ఫ్లోరైడ్ అనే స్ఫటికంలో ఇటెర్బియం, ఎర్బియం లాంటి అరుదైన లోహాలను కొద్దిగా కలిపితే, అది బలం తక్కువున్న పరారుణ ఫోటాన్లు (కాంతి తునకలు) రెండింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, బలం ఎక్కువున్న ఆకుపచ్చ ఫోటాన్ ఒకటి బయటికిస్తుంది. నిచ్చెన మీద ఒక కూలి సగం దాకా ఎత్తిన మూటను పైమెట్టు మీదున్న ఇంకో కూలి అందుకున్నట్టు. లోతుకు పోయే కాంతి పంపి, అక్కడ మందును లేపే కాంతి పుట్టించవచ్చన్నమాట. వినడానికి బాగుంది. దారిలో పోయే శక్తే ఎక్కువ, మార్పిడిలో చేతికొచ్చేది నూటికి కొన్ని వంతులే. లేజర్ బలం పెంచితే చర్మం కాలుతుంది. ఇది ల్యాబ్ దాటి వార్డుకు వచ్చే రోజు దగ్గర్లో ఉన్నట్టు కనిపించదు.

కాంతికి లోతు లేదన్నది లోపమే, కానీ కొన్ని క్యాన్సర్లకు లోతే అక్కర్లేదు. నోటి క్యాన్సర్ అలాంటిది. గుట్కా నిషేధం కాగితం మీద ఉంటుంది, పొట్లాలు పాన్ డబ్బాలో ఉంటాయి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టడం మీదే బతికే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బుగ్గ లోపలి తెల్ల మచ్చ, నాలుక పక్కన మానని పుండు కంటికి కనిపించేవి, ఫైబర్ పట్టుకుని నేరుగా వెలుగు వేయగలిగినవి. ఐదారు మిల్లీమీటర్ల మందమున్నప్పుడు కాంతి వైద్యాలన్నీ వాటి బలం చూపించగలవు. దవడ ఎముకను తిన్నాక ఏ లేజరూ చాలదు.

చివరి ఆయకట్టు

ఇప్పటిదాకా చెప్పుకున్నది శక్తి గడ్డను చేరడం గురించి. రేణువు చేరడం ఇంకా కష్టం. ఈ రంగంలో ప్రతి ఏటా వందల కొద్దీ పరిశోధన పేపర్లు వస్తున్నా వార్డులోకి అడుగుపెట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండటానికి, ఈ వ్యాసం అంచనాలో, అసలు కారణం ఇదే.

శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాకతీయ కాలువ ఆయకట్టు చివర్లో పొలమున్న రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. పోచంపాడు దగ్గర తూములు ఎత్తారని పేపర్లో వస్తుంది. 284 కిలోమీటర్ల కాలువ అది. నీళ్లు రావని కాదు, పైన ఉన్నవాళ్లంతా తడుపుకున్నాక, మధ్యలో ఇంకిపోయాక, చివరి మడికి ఎన్ని వస్తాయన్నదే ప్రశ్న. చేతి నరంలోకి ఎక్కించిన నానో రేణువుల కథా అంతే. రక్తం వాటిని మొదట కాలేయం మీదుగా, ప్లీహం మీదుగా తిప్పుతుంది. అక్కడ కాపలా కణాలు బయటి వస్తువని పట్టి మింగేస్తాయి. ఐదారు నానోమీటర్ల కంటే చిన్నవైతే కిడ్నీ మూత్రంలోకి వడకట్టేస్తుంది. టొరంటో యూనివర్సిటీలో వారెన్ చాన్ బృందం పదేళ్ల పేపర్లన్నీ పోగేసి 2016లో లెక్క తీసింది. ఎక్కించిన మోతాదులో గడ్డను చేరింది మధ్యస్థ లెక్కన (మీడియన్) 0.7 శాతం. వెయ్యి రేణువులు వదిలితే ఏడు. అది కూడా ఎక్కువగా ఎలుకల్లో.

1986లో జపాన్‌లో మాట్సుమురా, మయేడా గమనించిన ఒక సంగతి మీద ఈ రంగం ఆశలన్నీ పెట్టుకుంది. గడ్డలో రక్తనాళాలు హడావిడిగా పెరుగుతాయి, గోడల్లో సందులుంటాయి, ఆ సందుల్లోంచి పెద్ద రేణువులు కారి లోపల నిలిచిపోతాయి. ఎలుకల్లో ఇది బాగానే కనిపిస్తుంది. మనుషుల్లో ఒకరికి ఉంటుంది, ఇంకొకరికి ఉండదు, ఒకే మనిషిలో ఒక గడ్డకు ఉండి పక్కదానికి లేకపోవచ్చు. అసలు ఎలుక గడ్డకూ మనిషి గడ్డకూ పోలికే తప్పుదారి పట్టిస్తుంది. 20 గ్రాముల ఎలుకకు చర్మం కింద ఒక గ్రాము గడ్డ పెంచుతారు. 50 కిలోల మనిషికి ఆ లెక్కన రెండున్నర కిలోల గడ్డ ఉండాలి. అంత గడ్డ ఉంటే రేణువులు దాన్ని తప్పించుకోవడమే కష్టం. పైగా అది చర్మం కింద రెండు మూడు మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది, లేజర్‌కు చేతికందే దూరం. "నానో రేణువులతో ఎలుకల్లో క్యాన్సర్ మాయం" అన్న హెడ్డింగ్ అబద్ధం కాకపోవచ్చు. ఎలుకను మనిషిగా చదువుకుంటేనే చిక్కు.

ఒంట్లో చేరిన మిగతా 993 ఏమవుతాయన్నది ఇంకో తలనొప్పి. ఇనుప ఆక్సైడ్‌ను శరీరం మెల్లగా కరిగించి తన ఇనుము నిల్వలో కలుపుకుంటుంది. బంగారం కరగదు, కాలేయంలో నెలల తరబడి, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ కాలం ఉండిపోతుంది. ఐఐటీ బాంబే శాస్త్రవేత్తలు 2015లో కొవ్వు బుడగల మీద చిన్న చిన్న బంగారు రేణువులు అతికించి, పని అయ్యాక విడిపోయి బయటికి పోయేలా చేసిన ప్రయత్నం ఈ చిక్కు విప్పడానికే. తయారీ మన దగ్గర పెద్ద సమస్య కాదు. నిట్ వరంగల్‌లో, కాకతీయ యూనివర్సిటీలో నానో పదార్థాల మీద థీసిస్‌లు ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. ఫ్లాస్కులో ఎర్ర రంగు తెప్పించడం ఒక మధ్యాహ్నం పని. అదే సైజు, అదే పూత, క్రిములు లేకుండా, వెయ్యోసారి కూడా తేడా రాకుండా తయారుచేసి, జంతువుల్లో చూపి, అనుమతి తెచ్చుకోవడం పదిహేనేళ్ల పని. దానికి డబ్బు పెట్టేవాళ్లు కావాలి.

కాలువ నమ్మకం లేనిచోట రైతు బోరు వేసుకుంటాడు. ఈ రంగం కూడా చివరికి ఆ దారే పట్టింది. నరంలోకి కాదు, సూదితో నేరుగా గడ్డలోకే. వార్డు దాకా వచ్చిన వాటిలో ముఖ్యమైన రెండూ అలాంటివే.

మొదటిది అయస్కాంతంతో నడిచేది. ఇండక్షన్ స్టవ్ మీద స్టీల్ గిన్నె కాగుతుంది, పక్కన పెట్టిన చెయ్యి కాలదు. ఇనుప ఆక్సైడ్ రేణువుల వేడీ చూడటానికి అలాంటిదే. లోపలి లెక్క వేరు: గిన్నెలో సుడులు తిరిగే కరెంటు వేడి పుట్టిస్తే, ఇక్కడ ప్రతి రేణువులోని అయస్కాంతం సెకనుకు లక్ష సార్లు దిక్కు మార్చుకోలేక మార్చుకుంటూ వేడెక్కుతుంది. అయస్కాంత క్షేత్రానికి లోతు సమస్య లేదు, పుర్రె అడ్డం కాదు. బెర్లిన్‌లోని మ్యాగ్‌ఫోర్స్ కంపెనీ మెదడు గడ్డలకు తయారుచేసిన ఈ చికిత్సకు 2010లో యూరప్‌లో అనుమతి వచ్చింది. గ్లయోబ్లాస్టోమా అనే మొండి మెదడు క్యాన్సర్ తిరగబెట్టిన 59 మందిలో సగం మంది, రెండోసారి గడ్డ బయటపడిన తర్వాత 13.4 నెలలకు పైగా బతికారు. మామూలుగా అనుకునేదానికంటే అది ఎక్కువే, కాకపోతే పోల్చడానికి పక్కన ఇంకో గుంపు లేదు. చికిత్సకు ముందు నోట్లో లోహపు క్యాపులు, ఫిల్లింగులు ఉంటే తీసేయాలి, అవీ కాగుతాయి కాబట్టి. తలలో మిగిలిన ఇనుము వల్ల తర్వాత ఎంఆర్ఐ సరిగా రాదు. ఈ ఒక్క పని కోసమే పెద్ద మిషన్ కొనాలి. 2022లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. విజ్ఞానం ఓడిపోయిందని కాదు, మిషన్ ఖర్చుకు సరిపడా రోగులు, సరిపడా రుజువు రెండూ కలిసి రాలేదు.

అల్ట్రాసౌండ్ దారి గురించి ఇక్కడ రెండు మాటలు చాలు. 1989లో జపాన్‌లో యుమిటా, ఉమెమురా మొదలుపెట్టారు. టైటానియం డయాక్సైడ్ లాంటి రేణువులు ధ్వని శక్తితో ఆక్సిజన్‌ను రెచ్చగొడతాయి. లోతుకు పోవడం దీని బలం. ధ్వని రేణువులో సరిగ్గా ఏ దారిన విషంగా మారుతుందో శాస్త్రవేత్తలే ఒక్క మాట మీద లేరు. ఆ తగవు తేలనివ్వాలి.

కరెంట్‌కు తోడు ఒక సూది

రెండోది హాఫ్నియం ఆక్సైడ్. మన ప్రాంతం వైపు నుంచి చూస్తే అన్నింటిలోకీ ఇదే ఎక్కువ పనికొచ్చేలా కనిపిస్తోంది, ఎందుకంటే దీనికి కొత్త మిషన్ అక్కర్లేదు. "కరెంట్ పెట్టే" లీనాక్ చాలు. హాఫ్నియం బరువైన మూలకం, పరమాణు సంఖ్య 72. హైదరాబాద్‌కు ఇది కొత్త పేరు కాదు. అక్కడి అణు ఇంధన కర్మాగారం ఎన్ఎఫ్‌సీలో ఇంధన గొట్టాలకు జిర్కోనియం శుద్ధి చేసేటప్పుడు దాన్నుంచి వేరుచేసేది ఈ హాఫ్నియాన్నే. అక్కడ న్యూట్రాన్లను మింగుతుందని దాన్ని తీసేస్తారు. ఇక్కడ ఎక్స్‌రేలను మింగుతుందని తెచ్చుకుంటున్నారు. గడ్డలో 50 నానోమీటర్ల హాఫ్నియం ఆక్సైడ్ రేణువులున్నాయనుకుంటే, అదే ఎక్స్‌రే తగిలినప్పుడు వాటి నుంచి ఎలక్ట్రాన్లు చిమ్ముతాయి. అవి చాలా కొద్ది దూరమే పోతాయి కాబట్టి దెబ్బ గడ్డ లోపలే పెరుగుతుంది.

దీనికి ముందు బంగారంతో ఒక ప్రయోగం పేరు తెచ్చుకుంది. 2004లో హెయిన్‌ఫెల్డ్ బృందం ఎలుకల రక్తంలోకి 1.9 నానోమీటర్ల బంగారం ఎక్కించి ఎక్స్‌రే పెడితే ఏడాది తర్వాత 86 శాతం బతికాయి. ఎక్స్‌రే ఒక్కటే పెట్టినవి 20 శాతం. ఈ అంకెల వెనక ఒక మెలిక ఉంది. ఆ ఎక్స్‌రే 250 కిలోవోల్టులది. ఆ స్థాయిలో బరువైన లోహాలు ఎక్స్‌రేను ఆబగా మింగుతాయి. ఆస్పత్రి లీనాక్ సాధారణంగా 6 మెగావోల్టులది, ఇరవై రెట్లకు పైనే. అంత బలమైన ఎక్స్‌రే బంగారాన్నీ నీళ్లనూ దాదాపు ఒకేలా చూస్తూ దాటిపోతుంది. అందుకే లోపలి లాభం ఎలుకల్లో కనిపించినంత ఉండదు. ఇంజెక్షన్‌తో గడ్డ నిండా రేణువులు నింపడం ఆ లోటును కొంత పూడ్చుకోవడానికే.

మనుషుల్లో ఎంత వచ్చిందంటే: చేతులు, కాళ్లు, మొండెం గోడల్లో కండ క్యాన్సర్ (సార్కోమా) గడ్డలున్న 180 మందితో ఫ్రాన్స్‌కు చెందిన నానోబయోటిక్స్ నడిపిన పరీక్ష 2019లో బయటికొచ్చింది. ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో 8 శాతం మందికి, రేణువులు కూడా తీసుకున్నవారిలో 16 శాతం మందికి తీసిన గడ్డలో బతికున్న క్యాన్సర్ కణాలు దాదాపు మిగల్లేదు. రెట్టింపు అని చెప్పుకోవచ్చు, నూటికి ఎనిమిది మంది ఎక్కువ అనీ చెప్పుకోవచ్చు. రెండూ నిజమే, ప్రకటనల్లో మొదటిదే కనిపిస్తుంది. అదే ఏడాది యూరప్ అనుమతి ఇచ్చింది. ఇప్పుడు మూడో దశ పరీక్ష తల, మెడ క్యాన్సర్లున్న వయసు పైబడినవాళ్ల మీద జరుగుతోంది. కిడ్నీ సరిగా లేకో, చెవి వినపడకో సిస్‌ప్లాటిన్ కీమో తట్టుకోలేనివాళ్లు వీళ్లు. బీడీలు, అంబర్ (నమిలే పొగాకు), గుట్కాలతో నలభై ఏళ్లు గడిపి, అరవై దాటాక దవడ కింద గడ్డతో వచ్చే మనిషికి ఈ పరీక్ష ఫలితం కీలకం. అలాంటివాళ్లకు ఇప్పుడు డాక్టర్ చేతిలో ఉన్నవి తక్కువ.

ఆ ఫలితం బాగుందనే అనుకుందాం. అనుమతి రావాలి, ధర తేలాలి, ఆరోగ్యశ్రీ జాబితాలోకి ఎక్కాలి. 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెరిగిన ఆ పరిమితిలో యూరప్ ధరకు ఒక్క సూది పడుతుందా అన్నది వేరే లెక్క. భూపాలపల్లి నుంచి వచ్చిన మనిషి ఒకరోజు మత్తులో గడ్డలోకి ఆ తెల్లటి ద్రవం ఎక్కించుకుంటాడు, ఒక్కసారే. తర్వాత మెడకు ప్లాస్టిక్ మాస్క్ బిగించి టేబుల్ మీద పడుకోబెడతారు, రోజూ పదిహేను నిమిషాలు. సూది కొత్తది, దాని వెనకున్న కరెంట్ మాత్రం పాతదే: వారానికి ఐదు రోజుల చొప్పున ఏడు వారాలు, మొత్తం ముప్పై అయిదు సార్లు. రెడ్‌హిల్స్ చుట్టుపక్కల లాడ్జి గది అద్దెకు తీసుకోవడమా, పొద్దున్నే కాజీపేటలో రైలు పట్టుకోవడమా అన్నది ఆ ఇంటివాళ్లు అప్పుడు కూడా లెక్క వేసుకోవాల్సిందే.